వాగ్దానం కార్డు వచనం, సోమవారం ఆఫీసు: దేవుని దృష్టితో చూడటం ఎలా?

రాజమండ్రి_యూత్:
అందరికీ వందనాలు. న్యూ ఇయర్ ఆరాధనలో ఒక్కొక్కరికీ ఒక బైబిలు వచనం రాసి ఇచ్చే వాగ్దానం కార్డులో నాకు యిర్మీయా 29:11 వచ్చింది: మీ విషయంలో నా ఉద్దేశాలు సమాధానకరమైనవే గాని హానికరమైనవి కావు, మీకు నిరీక్షణ కలగడానికే అని దేవుడు చెప్పిన మాట. ప్రమోషన్, ఇంటి లోను, ఇంట్లో మాటపట్టింపులు, అన్నిటినీ దేవుని దృష్టితో చూడమంటారు పాస్టర్ గారు. రోజూ దానికోసం ఏం చేయాలి? ఈ వచనం పట్టుకుని ప్రమోషన్ వస్తుందని నమ్మొచ్చా?

వాక్యధ్యానం:
బ్రదర్, 28వ అధ్యాయం మొదలు నుంచి 29:14 వరకు ఆపకుండా చదవండి. 29వ అధ్యాయంలో ఉన్నది, యెరూషలేము నుంచి బబులోనుకు చెరపట్టి తీసుకుపోయిన యూదులకు యిర్మీయా ప్రవక్త రాసి పంపిన ఉత్తరం. రెండేళ్లలో అంతా చక్కబడుతుందని హనన్యా అనే అబద్ధ ప్రవక్త అన్నాడు (28:3). దేవుడు చెప్పింది 70 ఏళ్లు (29:10). అంటే ఆ ఉత్తరం విన్న పెద్దవాళ్లలో చాలామందికి తిరుగు ప్రయాణం లేదు. వాళ్లతోనే ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటండి, పిల్లలకు పెళ్లిళ్లు చేయండి, మిమ్మల్ని చెరపట్టిన ఆ పట్టణం క్షేమం కోసమే ప్రార్థించండి అన్నాడు (29:5-7). ప్రమోషన్‌కు ఇందులో హామీ లేదు. అది రాకపోయినా అదే ఆఫీసులో, ఆ పైఅధికారి కిందే, మనస్ఫూర్తిగా పని చేయడానికి కావలసిన బలం మాత్రం నిండుగా ఉంది. కార్డు వెనక 7వ వచనం కూడా రాసి పెట్టుకోండి.

సాయంకాల_ప్రార్థన:
రోజూ చేసే పద్ధతి అడిగారు కదా తమ్ముడూ. 16వ శతాబ్దంలో ఇగ్నేషియస్ లొయోలా అనే కేథలిక్ గురువు నేర్పిన ఆత్మపరిశీలన ఉంది. కేథలిక్కుల దగ్గర పుట్టినా ఏ సంఘంవారైనా చేయొచ్చు.

రాత్రి భోజనం అయ్యాక 15 నిమిషాలు చాలు. మంచం మీద వద్దు, నిద్ర వచ్చేస్తుంది. ముందు ఆ రోజుకు కృతజ్ఞత చెప్పండి. తర్వాత కీర్తన 139:23-24 చదివి, నన్ను పరిశోధించు ప్రభువా అని అడగండి. ఉదయం నుంచి గంట గంటా గుర్తుచేసుకోండి. తప్పుకు క్షమాపణ అడగండి. రేపు దిద్దుకునే పని ఒక్కటే ఎంచుకోండి.

చాలామంది ఆగిపోయేది మూడో మెట్టు దగ్గరే, అంటే గంట గంటా గుర్తుచేసుకునే చోట. "ఈ రోజు కోపపడ్డాను" అంటే ఏమీ పట్టుబడదు. ఎవరి మీద, ఏ మాటతో, ఎందుకు అని అడగాలి. ఉదాహరణకు పనిమనిషి జీతం. ఒకటో తారీఖు ఇవ్వాల్సింది "నాలుగు రోజులాగు" అన్నామనుకోండి, మన లెక్కలో అది చిన్న విషయం. ద్వితీయోపదేశకాండము 24:15 ప్రకారం కూలి సూర్యుడు అస్తమించకముందే చేతిలో పడాలి. బీదవాడు ఆ డబ్బు మీదే ఆశపెట్టుకున్నాడని, అతను మొరపెడితే అది మనకు పాపమవుతుందని కారణం కూడా అక్కడే ఉంది. ఆమె ఇంటి అద్దె, పిల్లల ఫీజు దేవునికి కనిపిస్తున్నాయి. అప్పుడు రేపటి పని తేలిపోతుంది: పొద్దున్నే జీతం ఇవ్వడం, ఆలస్యానికి క్షమించమనడం.

రాజమండ్రి_యూత్:
థాంక్యూ అక్కా. మరి పక్కవాళ్ల కష్టం చూసినప్పుడు? ఇది దేవుని శిక్షేమో అని మనసులో వస్తుంది.

వాక్యధ్యానం:
అక్కడ నోరు కట్టేసుకోవాలి. బైబిల్లో అన్నీ పోగొట్టుకుని బాధపడుతున్న యోబును ఓదార్చడానికి వచ్చిన స్నేహితులు ఏడు రోజులు మౌనంగా కూర్చున్నంతసేపు బాగానే ఉన్నారు (2:13). కారణాలు చెప్పడం మొదలుపెట్టాక దేవుని కోపం తెచ్చుకున్నారు (42:7). పుట్టు గుడ్డివాడి విషయంలో ఇది ఎవరి పాపం వల్ల అని శిష్యులు అడిగితే, ఇతనిదీ కాదు, ఇతని తల్లిదండ్రులదీ కాదన్నాడు యేసు (యోహాను 9:3). కాబట్టి ఆసుపత్రికి వెళ్తే పది నిమిషాలు కూర్చోండి, వాళ్లు ఒప్పుకుంటే చిన్న ప్రార్థన చేయండి, రాత్రి కాపలాకు మనిషి కావాలా, క్యారేజీ పంపాలా అని అడగండి.