స్విఫ్ట్ కంపెనీ రిమ్ములకి 185 బదులు 175 టైర్లు వేయించొచ్చా?

ప్రశ్న:
2018 స్విఫ్ట్ జెడ్‌ఎక్స్‌ఐ. కంపెనీ టైర్లు 185/65 ఆర్15 (వెడల్పు 185 మి.మీ., పక్క ఎత్తు అందులో 65 శాతం, రిమ్ము 15 అంగుళాలు), అరిగిపోయాయి. అవే రిమ్ములకి 175/65 ఆర్15 వేయిస్తే మైలేజీ పెరుగుతుంది, స్టీరింగ్ తేలికవుతుంది అంటున్నారు షాపువాళ్లు. తిరిగేది సిటీలోనే, అప్పుడప్పుడు ఫుల్ లోడుతో ఊరికి.

జవాబు 1:
రిమ్ముకి ఎక్కడం ఎక్కుతుందండీ. 175/65కి 5 నుంచి 6 అంగుళాల రిమ్ము చాలు. మీ రిమ్ము వెడల్పు దాని మీదే 15×5½జె లాగా అచ్చయి ఉంటుంది, కనబడకపోతే చక్రం విప్పి లోపలివైపు చూడండి.

చిక్కంతా బరువు దగ్గర. 185/65 ఆర్15 లోడ్ ఇండెక్స్ (టైరు మోయగల బరువుకి కోడ్) 88, అంటే టైరుకి 560 కిలోలు. 175/65 ఆర్15 మామూలుగా 84 వస్తుంది, 500 కిలోలే. ఐదుగురు ఎక్కి, డిక్కీ నింపి, మే ఎండలో హైవే మీద 100లో పోతుంటే సైడ్‌వాల్ (టైరు పక్క గోడ) ఎక్కువ వంగుతుంది, వేడెక్కుతుంది, లోపలి పొరలు విడతాయి. గాలి తక్కువుంటే ఇంకా తొందరగా. నేనైతే వద్దనే అంటాను.

జవాబు 2:
మైలేజీ లెక్క కూడా చూడండి. 185/65 ఆర్15 ఎత్తు 621.5 మి.మీ., 175/65 ఆర్15 ఎత్తు 608.5. చక్రం 2 శాతం చిన్నదైతే ఓడోమీటర్ 2 శాతం ఎక్కువ తిరుగుతుంది. బండి నిజంగా 98 కిలోమీటర్లు నడిస్తే 100 చూపిస్తుంది. పెరిగిందనుకునే మైలేజీలో అంత భాగం ఉత్తదే. పైగా గ్రౌండ్ క్లియరెన్స్ ఆరున్నర మి.మీ. తగ్గుతుంది, మన స్పీడ్ బ్రేకర్లకి అదీ నష్టమే.

ప్రశ్న అడిగినవారు:
175/65 ఆర్15లోనే 88 ఎక్స్‌ఎల్ (ఎక్కువ గాలితో ఎక్కువ బరువు మోసేలా చేసిన టైరు) దొరికితే?

జవాబు 1:
ఎక్స్‌ఎల్ ఆ 560 కిలోలు మోసేది 42 పీఎస్ఐ దగ్గర. మామూలు టైరు 36కే మోస్తుంది. డోర్ దగ్గరి స్టిక్కర్ చూసి గాలి కొట్టిస్తే ఎక్స్‌ఎల్ అంత మోయదు. పెంచి కొట్టిస్తే గుంతల్లో కుదుపు.

జవాబు 3:
సన్న టైరే కావాలంటే కింది వేరియంట్లకి కంపెనీయే ఇచ్చిన 165/80 ఆర్14 చూడండి. ఎత్తు 619.6, మీటరు దాదాపు సరిగ్గానే ఉంటుంది. లోడ్ ఇండెక్స్ 85, అదీ 84 కంటే మెరుగే. కాకపోతే 14 అంగుళాల రిమ్ములు కొనాలి, కొనేముందు ఒకటి ముందు చక్రానికి బిగించి, చేత్తో తిప్పి, బ్రేక్ క్యాలిపర్‌కి తగలట్లేదని చూసుకోవాలి. మార్చితే నాలుగూ మార్చండి. ముందు రెండింటిలో ఒకటి పెద్దది ఒకటి చిన్నదైతే డిఫరెన్షియల్ (రెండు చక్రాలు వేర్వేరు వేగంతో తిరగనిచ్చే గేర్లు) లోపల ఆగకుండా తిరుగుతూనే ఉండి అరుగుతుంది. స్టెప్నీ సైజు వేరైతే అది పంక్చర్ షాపు దాకా మాత్రమే.

స్టీరింగ్ బరువుగా ఉంటే ముందు గాలి, అలైన్‌మెంట్ చూపించండి. అదే 185/65 ఆర్15 88లో రోలింగ్ రెసిస్టెన్స్ (దొర్లేటప్పుడు టైరు వెనక్కి లాగే అడ్డు) తక్కువుండే మోడల్ అడిగి వేయించుకోండి.