ఫ్రీజర్లో పెట్టిన ఖీమా కూర రాత్రంతా గట్టు మీద పెట్టి కరిగించొచ్చా? మా ఇంట్లో తేలట్లేదు

మియాపూర్_కోడలు:
అందరికీ నమస్తే. ఇద్దరం ఉద్యోగాలే, వారం మధ్యలో నాన్‌వెజ్ వండే టైం ఉండదు. అందుకే ఆదివారం కేజీన్నర మటన్ ఖీమా తెచ్చి గ్రేవీ కాస్త ఎక్కువ పెట్టి వండేసి, ఆ పూట తినగా మిగిలింది పెద్ద స్టీల్ డబ్బాలో పోసి ఫ్రీజర్లో పెడతాను. బుధవారం రాత్రి పడుకునే ముందు డబ్బా తీసి స్టవ్ గట్టు మీద పెట్టేస్తే పొద్దున్నకి కరిగిపోతుంది, బాగా మరిగించి బాక్సుల్లో పెట్టుకుంటాం. ఇది మా అత్తయ్యగారి పద్ధతి, ఏళ్ళ తరబడి ఇంతే. పోయిన వారం మా బాబుకి, నాలుగేళ్ళు వాడికి, గురువారం సాయంత్రం బాక్సు కూర తిన్నాక తెల్లారుజామున పొట్ట పట్టుకుని ఏడుపు, విరేచనాలు, మర్నాటికి తగ్గిపోయింది. డాక్టర్ గారు కూర వల్లేనని చెప్పలేం అన్నారు. అత్తయ్యగారు వేడి చేసిందంటున్నారు. నాకు మాత్రం మనసు కుదుటపడట్లేదు. మరిగిస్తున్నాం కదా, ఇంకా ఏముంటుంది దాంట్లో? తెలిసినవాళ్ళు చెప్పండి ప్లీజ్.

పాతబస్తీ_భోజనం:
అక్కా టెన్షన్ తీసుకోకు. మా ఇంట్ల అమ్మ, నాయనమ్మ అందరు గిట్లనే చేసిండ్రు, మేము పెద్దగైనం. కూర కుతకుత ఉడికినంక దాంట్ల ఏ పురుగు బతుకుతది చెప్పు? పిల్లలకి మోషన్స్ అంటే వంద కారణాలుంటయ్, స్కూల్ల తాగిన నీళ్ళు కావచ్చు, బయట తిన్న ఐస్ కావచ్చు. ప్రతిదానికి కూర మీద పెడితే ఇగ ఏం తినలేం. వాసన సూడు, నాలిక మీద సుక్క ఏస్కో, మంచిగుంటే తిను, లేకుంటే పారెయ్యి. గంతే.

ల్యాబ్_కోటు:
నేను మైక్రోబయాలజీ చెప్తాను కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తా, క్షమించండి. పాతబస్తీ గారి మాటలో సగం నిజం ఉంది. మరిగిస్తే బతికున్న బ్యాక్టీరియా చాలావరకు చస్తుంది, నిజమే. కానీ మూడు సంగతులు మిగిలిపోతాయి. క్లాస్ట్రీడియం పర్‌ఫ్రింజెన్స్ అనే బ్యాక్టీరియా ఒకటుంది, మాంసం కూరలు, గ్రేవీలే దానికి ఇల్లు. వంట వేడికి అది చస్తుంది గానీ దాని విత్తనాల్లాంటివి, స్పోర్లు, అవి చావవు. పెద్ద గిన్నెలో కూర నెమ్మదిగా చల్లారుతుంటే మధ్యలో నులివెచ్చగా ఉంటుంది చూడండి, అక్కడ లేస్తాయి. దానికి బాగా నచ్చిన వేడి, సుమారు 45 డిగ్రీల దగ్గర, పది నిమిషాలకోసారి రెట్టింపు అవుతుంది. తిన్న 6 నుంచి 24 గంటల్లో పొట్టలో మెలి, విరేచనాలు, మామూలుగా ఒక రోజులో తగ్గిపోతుంది. మన ఇళ్ళల్లో దీన్ని "వేడి చేసింది", "నీళ్ళు పడలేదు" అనుకుని మర్చిపోతాం. "ఎన్నేళ్ళ నుంచో తింటున్నాం ఏం కాలేదు" అన్న మాటకి నా జవాబు ఇదే. అయ్యే ఉంటుంది, కూరకి ముడిపెట్టలేదు అంతే.

రెండోది స్టఫైలోకాకస్. చేతుల నుంచి, ముక్కు నుంచి కూరలో పడుతుంది, వెచ్చగా ఉంటే పెరిగి విషం వదులుతుంది, ఆ విషం మరిగించినా పోదు, బ్యాక్టీరియా చచ్చినా విషం ఉంటుంది. మూడోది, ఈ రెండిట్లో ఏదీ వాసన పట్టించకపోవచ్చు, కాబట్టి ముక్కుని నమ్ముకోవద్దు. ఇంకో మాట, ఫ్రీజర్ బ్యాక్టీరియాని చాలావరకు చంపదు, నిద్రపుచ్చుతుంది. గట్టు మీద పెట్టిన డబ్బాలో మధ్యలో ఐసు ముద్ద ఇంకా కరగకముందే అంచులు గంటల తరబడి గది వేడిలో ఉంటాయి. మన ఎండాకాలంలో ఆ గది వేడి ఎంతో మీకు తెలుసు. సుమారు 4 నుంచి 60 డిగ్రీల మధ్య మొత్తం కలిపి 2 గంటలు దాటొద్దు, 32 డిగ్రీలు దాటిన వేడిలో అయితే గంటే అని అమెరికా వ్యవసాయ శాఖ చెప్పే లెక్క, హైదరాబాద్‌లో మే నెలకి ఆ గంట లెక్కే.

రాజోలు_అబ్బాయి:
మా అమ్మమ్మ చేపల పులుసు రెండో రోజు తింటేనే రుచి అనేది, అది ఫ్రిజ్ లేని రోజుల్లో మాట. ల్యాబ్ గారూ, మరి అప్పుడు అందరూ పడిపోయేవాళ్ళా? కాదు కదా. దీనికి కూడా సైన్స్ చెప్పండి, ఊరికే భయపెట్టకుండా. నాకు అర్థమైంది ఏంటంటే పాత వాళ్ళకి కూడా తెలుసు కానీ కారణం చెప్పలేదు. పులుసులో చింతపండు, మటన్ పచ్చడిలో ఉప్పూ నూనే, తెలంగాణ వైపు ఒరుగులు చేస్తే తడే ఉండదు. రాత్రి మిగిలిన కూర కుంపటి మీద సన్న నిప్పుల మీద ఉండేది, అంటే వేడి దిగనిచ్చేవాళ్ళు కాదు. పొద్దున్నొకసారి సాయంత్రమొకసారి మరిగించి మళ్ళీ నిప్పుల మీదే. ఖీమా గ్రేవీలో చింతపండు లేదు, ఇప్పుడు కుంపటీ లేదు. పాత పద్ధతి అంటూ మనం సగమే పట్టుకున్నామేమో అని నా అనుమానం.

ల్యాబ్_కోటు:
రాజోలు గారూ, నేను క్లాసులో కూడా ఇంత బాగా చెప్పలేదు. పులుపు, ఉప్పు, ఎండబెట్టడం, వేడిగా ఉంచడం, నాలుగూ బ్యాక్టీరియాని ఆపే దారులే. ప్రతి చేపల పులుసూ ఒకేలా పుల్లగా ఉండదు కాబట్టి ఈ రోజుల్లో దాన్నీ ఫ్రిజ్‌లోనే పెట్టుకోండి. కానీ నులివెచ్చగా వదిలేయడం పాత పద్ధతిలో లేదు అన్నది నిజం.

వంద_ఆకుల_వంట:
నేను ఫంక్షన్లకి వండేవాణ్ణి. చాన్నాళ్ళ కిందట మా ఇంట్లోనే ఒక శుభకార్యానికి ఎనభై మందికి మటన్ కూర రాత్రే వండి పెద్ద దబరలో మూతపెట్టేసి పడుకున్నాం, పొద్దున్న వేడి చేసి వడ్డించాం, వాసన లేదు, రుచి బ్రహ్మాండం. సాయంత్రానికి చుట్టాల్లో సగం మంది బాత్రూముల చుట్టూ, ఒక పెద్దాయనకి సెలైన్ ఎక్కించాల్సి వచ్చింది. ఆ రోజు నుంచి రాత్రి వండినది పొద్దున్నకి నేను వడ్డించను. తర్వాత తెలుసుకున్నాను, దబర మధ్యలో ఒక గరిటె దించి చూస్తే తెల్లారినా వెచ్చగానే ఉంటుంది. కోడలమ్మా, మీరు గట్టు గురించి అడిగారు గానీ నేనైతే ముందు ఆదివారం సాయంత్రం సంగతి అడుగుతా, వండాక ఎంత సేపటికి ఫ్రీజర్లోకి వెళ్తుంది ఆ డబ్బా?

మియాపూర్_కోడలు:
అది అడుగుతారనుకోలేదు. మధ్యాహ్నం రెండింటికి వండితే... వేడిది పెడితే ఫ్రిజ్ పాడవుతుందని చల్లారేదాకా ఉంచుతాం, రాత్రి భోజనాలయ్యాక పెడతాం. ఏడెనిమిది గంటలు.

డాలస్_తెలుగు:
అక్కడే అసలు సమస్య అండి, మీ బుధవారం రాత్రి కంటే ఆదివారం సాయంత్రమే ప్రమాదం. నేను పద్నాలుగేళ్ళుగా ఇదే వండి దాచే బతుకు, నా పద్ధతి చెప్తా. పొయ్యి కట్టేయగానే పెద్ద పళ్ళెంలోనో బేకింగ్ ట్రేలోనో రెండంగుళాలు మించకుండా పరిచేస్తా, ఆ పళ్ళెం ఐసు నీళ్ళ గిన్నెలో పెట్టి గరిటెతో తిప్పుతుంటా, అరగంటలో చేత్తో పట్టుకునేంత అవుతుంది. తర్వాత పూటకి సరిపడా జిప్ కవర్లలో పోసి, గాలి నొక్కేసి, పుస్తకంలా పల్చగా చదును చేసి, పేరూ తేదీ రాసి ఫ్రీజర్లో పడుకోబెడతా. పల్చగా ఉంటే తొందరగా గడ్డకడుతుంది, తొందరగా కరుగుతుంది. గాజు సీసాలో అయితే పైన ఖాళీ వదలాలి, నీళ్ళు గడ్డకడితే సుమారు 9 శాతం పెరుగుతాయి, నా సీసాలు రెండు పగిలాయి.

కరిగించడానికి ముందు రోజు రాత్రి ఫ్రీజర్ నుంచి కింద ఫ్రిజ్‌లోకి మార్చండి, ఇది ఒక్కటే చేస్తే సగం గొడవ తీరుతుంది. మర్చిపోతే కవరు గట్టిగా మూసి చల్లటి నీళ్ళలో ముంచి, అరగంటకోసారి నీళ్ళు మార్చండి, పల్చటి ప్యాకెట్టు ఒక గంటలోపే వదులుతుంది. మైక్రోవేవ్ కూడా ఓకే, కాకపోతే వెంటనే మరిగించాలి. చివర్లో అంచులు కాదు, మధ్యలో కూడా బుడగలు రావాలి, 74 డిగ్రీలు అని ఇక్కడి లెక్క, థర్మామీటర్ లేకపోతే ఒక రెండు మూడు నిమిషాలు కుతకుతలాడనివ్వండి.

2021 ఫిబ్రవరిలో టెక్సాస్‌లో మంచుకి కరెంటు పోయింది చూశారా, మా వీధిలో రోజుల తరబడి లేదు, నిండుగా ఉన్న ఫ్రీజర్ తలుపు తియ్యకపోతే 48 గంటలు, సగమే ఉంటే 24 గంటలు చల్లదనం నిలుస్తుందన్న మాట నాకు అప్పుడు పనికొచ్చింది. తలుపు తెరవద్దని పిల్లలకి కాపలా పెట్టా. లోపల ఇంకా ఐసు పలుకులున్న ప్యాకెట్లు వాడుకున్నాం, మెత్తబడి వెచ్చబడినవి పారేశాం, మనసు ఒప్పలేదు కానీ పారేశాం.

పాతబస్తీ_భోజనం:
అన్నా అమెరికాల ఉన్నోళ్ళకి చెప్పుడు సులువే. మా ఇంట్ల సింగిల్ డోర్ ఫ్రిజ్, పైన చిన్న అరనే ఫ్రీజర్, ఐస్‌క్రీమ్ కూడా మెత్తగుంటది. ఫ్రీజర్‌కి ఉండాలనే మైనస్ 18 డిగ్రీలు దాంట్ల యాడికెల్లి వస్తది? ఎండాకాలం రోజుకో గంట కరెంటు పోతది. కేజీ మటన్ పైసలు పెట్టి తెచ్చి పారెయ్యమంటే పేదోని కడుపు మండుతది. నేను అంటున్నది నా ఇంటి మాట, నవ్వకుండ్రి.

ల్యాబ్_కోటు:
ఎవరూ నవ్వట్లేదు అన్నా, ఈ థ్రెడ్‌లో మంచి ప్రశ్న మీదే. మీ ఫ్రీజర్లో ఐస్‌క్రీమ్ మెత్తగా ఉంటే అది మైనస్ 18కి పోవట్లేదని అర్థం, నెలలు దాచే ఆలోచన వద్దు. అలాంటి ఇంట్లో నేనైతే కింద ఫ్రిజ్ సరిగ్గా చల్లగా ఉంటే మూడు రోజుల్లో తినేంత మాత్రమే వండుతా. అరకేజీ తెచ్చుకుని ఆ పూటకే వండుకోవడం మీకు అన్నిటికంటే చవక. ఫ్రిజ్ మీద ఉండే బీఈఈ (ప్రభుత్వ కరెంటు పొదుపు సంస్థ) స్టార్లు కరెంటు పొదుపుకి, ఫ్రీజర్ ఎంత చల్లగా ఉంటుందో అవి చెప్పవు, కొనేటప్పుడు అది అడగాలి.

రాజోలు_అబ్బాయి:
ఒక డౌటు, ఒకసారి కరిగించింది మిగిలితే మళ్ళీ ఫ్రీజ్ చెయ్యొచ్చా? మా ఆవిడ ఒప్పుకోదు.

డాలస్_తెలుగు:
ఫ్రిజ్‌లోనే కరిగితే చెయ్యొచ్చు, ఖీమా నీళ్ళోడుతుంది, రుచి తగ్గుతుంది. నీళ్ళలోనో మైక్రోవేవ్‌లోనో కరిగిస్తే బాగా మరిగించాకే. గట్టు మీద రాత్రంతా ఉన్నది అయితే నాకు చెప్పకండి. బంగాళాదుంప వేసి ఫ్రీజ్ చెయ్యకండి, పిండిలా అవుతుంది.

మియాపూర్_కోడలు:
చదివి అత్తయ్యగారికి వినిపించాను. కుంపటి మాట దగ్గర ఆగి, "అవును, మా అమ్మ నిప్పులు ఆరనిచ్చేది కాదు" అన్నారు. ఫ్రిజ్‌లో వేడి గిన్నె పెట్టడానికి మాత్రం ఇంకా ఒప్పుకోలేదు, పళ్ళెంలో పరిచి ఐసు నీళ్ళ మీద చల్లారిస్తే తనకేం అభ్యంతరం లేదన్నారు. స్టీల్ డబ్బా బదులు కవర్లు కొన్నాం. బాబుకి మాత్రం ఈ నెలంతా ఆ పూటకి ఆ పూటే వండి పెడతాను, అది నా భయం, అందరికీ చెప్పట్లేదు. ఈ ఆదివారం కేజీన్నర కాదు, కేజీ తెస్తున్నా.