అప్‌డేట్: ఎనిమిది టీమ్‌ల ఫాంటసీ బేస్‌బాల్ డ్రాఫ్ట్ అయిపోయింది

ఫాంటసీ బేస్‌బాల్ అంటే అసలు ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకుని (అదే డ్రాఫ్ట్), నిజం మ్యాచ్‌లలో వాళ్ల గణాంకాలతో పోటీపడే ఆట. 2025 సీజన్‌కి మా ఆఫీసు లీగ్ డ్రాఫ్ట్ ముందు ఒకటి అడిగాను: ఎనిమిది టీమ్‌లే ఉన్నప్పుడు అన్ని పొజిషన్లలో నిలకడగా ఆడేవాళ్లను నింపుకోవాలా, స్టార్ల కోసం రిస్క్ చేయాలా? చాలామంది "స్టార్లే" అన్నారు. అలాగే చేశాను.

లెక్క చూస్తే విషయం తేలిపోతుంది. ఎంఎల్‌బీలో (అమెరికా ప్రధాన బేస్‌బాల్ లీగ్) 30 జట్లు, జట్టుకి తొమ్మిది మంది బ్యాటర్లు, అంటే రోజూ ఆడేవాళ్లు దాదాపు 270. మా లీగ్‌లో టీమ్‌కి 13 మంది బ్యాటర్ల చొప్పున కావాల్సింది 104 మందే. మిగతావాళ్లంతా వేవర్స్‌లో (ఎవరూ ఎంచుకోని ఆటగాళ్ల జాబితా) ఊరికే ఉంటారు. కాబట్టి సగటు ఆటగాడికి విలువ లేదు, అక్కడ దొరకనివాడికే విలువ.

నాది ఐదో పిక్ (ఎంచుకునే వంతు). ఒటానీ, జడ్జ్, బాబీ విట్ లాంటి టాప్ స్టార్లు దొరకరని ముందే తెలుసు. బ్యాటర్ ఎల్లీ డి లా క్రూజ్‌ని తీసుకున్నాను. 2024లో 25 హోమ్ రన్లు (క్రికెట్ సిక్సర్ లాంటివి), 67 స్టీల్స్ (పరుగెత్తి తర్వాతి బేస్ కొట్టేయడం). స్ట్రైకవుట్లు (మూడు స్ట్రైకులతో అవుటవడం) ఎక్కువే, అయినా సరే. రెండో రౌండ్‌లో పాల్ స్కీన్స్. అంత త్వరగా పిచ్చరా (బంతి విసిరేవాడు) అని పక్కవాళ్లు నవ్వారు, నవ్వనీ.

క్యాచర్‌ని (బ్యాటర్ వెనక బంతి పట్టేవాడు) మాత్రం చివరి రౌండ్‌కి వదిలేశాను. మా లీగ్ మొత్తానికి కావాల్సింది ఎనిమిది మంది, మెయిన్ క్యాచర్లు 30 మంది, టెన్షన్ ఎందుకు? ఒకాయన మూడో రౌండ్‌లోనే క్యాచర్‌ని పట్టుకెళ్లాడు, పాపం.

బెంచ్‌లో గాయాలతో ఉన్న ఇద్దరు పెద్ద పిచ్చర్లను పెట్టాను. వాళ్లని మార్చడానికి ఐఎల్ స్లాట్లు (గాయపడ్డవాళ్ల కోసం ఉంచే స్థానాలు) ఖాళీగానే ఉన్నాయి కదా. క్లోజర్ల (మ్యాచ్ చివర్లో ఆధిక్యాన్ని కాపాడే పిచ్చర్లు) సంగతి ఇంకా తేల్చలేదు, ఏప్రిల్‌లో ఏ జట్టులో ఆ పాత్ర ఎవరికి మారుతుందో చూస్తున్నాను.