ఇంట్లో నెట్ కనెక్షన్ ఉంచాలా, తీసేయాలా?

ప్రశ్న: గృహిణి, కడప

మా ఆయన కువైట్‌లో ఒక ఇంట్లో డ్రైవరు. నేను, అత్తమ్మ, పదో తరగతి బాబు, మూడో తరగతి పాప కడపలో ఉంటాం. వైఫై పెట్టించిందే ఆయన్ని చూసుకోవడానికి. నా చిన్నప్పుడు మా మేనమామ కువైట్ నుంచి రాసిన ఉత్తరం చేరడానికి వారాలు పట్టేది. ఎస్టీడీ బూత్‌కు ఆయన ఫోన్ వస్తుందని కబురందితే ఇల్లంతా అక్కడికి పరుగెత్తేవాళ్లం. ఇప్పుడు మా పాప ఊడిన పన్ను ఆ రోజే నాన్నకు చూపించుకుంటోంది. అందుకే నెట్ చెడ్డదని ఎవరైనా ఒక్క మాటలో తేల్చేస్తే నాకు కష్టంగా ఉంటుంది.

కానీ ఇబ్బంది కూడా ఆ ఫోన్‌తోనే వస్తోంది. కువైట్ సమయం మనకంటే రెండున్నర గంటలు వెనక. ఆయన పని ముగించుకుని రాత్రి తొమ్మిదికి ఫోన్ చేస్తే మనకు పదకొండున్నర. నాన్నతో మాట్లాడాలని బాబు మేలుకుంటాడు. మాటలు పావుగంటలో అయిపోతాయి, ఫోన్ మాత్రం వాడి చేతిలోనే ఉండిపోతుంది. ఒక రీలు ముగిసేలోపు ఇంకొకటి దానంతటదే వచ్చేస్తుంది. పొద్దున్న బడికి లేపలేకపోతున్నాను. మార్చిలో పరీక్షలు. తీసేద్దామంటే నోట్సు అంతా వాట్సాప్ గ్రూపులోనే పంపుతున్నారు.

అత్తమ్మది మరో బాధ. ఆమెకు షుగరు. ఏదో ఆకు కషాయం తాగితే మాత్రలు అక్కర్లేదన్న వీడియో చూసి మాత్రలు మానేసింది. నేను చెబితే వినదు, తెల్లకోటు వేసుకున్న మనిషి చెప్పాడు కదా అంటుంది.

కనెక్షన్ తీసేయమని మా అన్న పట్టుబడుతున్నాడు. తీసేస్తే పిల్లలకు తండ్రి దూరమవుతాడు. మీ ఇళ్లలో ఎలా సర్దుకుంటున్నారు?

జవాబు: చీనీ రైతు, గార్లదిన్నె, అనంతపురం జిల్లా

తీసేయకమ్మా. మాకు చీనీ, అదే బత్తాయి తోట ఉంది. ఒకప్పుడు తోటకు వచ్చిన వ్యాపారి చెప్పిందే ధర. ఇప్పుడు అనంతపురం మార్కెట్ యార్డులో టన్ను ఎంత పలికిందో ఆ పూటే మా రైతుల గ్రూపులో వచ్చేస్తుంది. ఆ అంకె తెలిస్తే బేరంలో గట్టిగా నిలబడతాం. అడంగల్, 1-బి లాంటి భూమి రికార్డులు కూడా ప్రభుత్వ మీభూమి వెబ్‌సైట్‌లో చూసుకుంటున్నాం. పొలంపని మానుకుని మండలాఫీసు ముందు కూర్చోవడం తగ్గింది.

అదే ఫోన్‌లో మా తమ్ముడి కొడుకు క్రికెట్ పందేలు కాసి అప్పులపాలయ్యాడు. మన రాష్ట్రంలో ఆన్‌లైన్ జూదాన్ని 2020లోనే నిషేధించారు. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల మీద 2025లో పార్లమెంటు కూడా చట్టం చేసింది. అయినా లింకులు ఏదో దారిలో వస్తూనే ఉన్నాయి. ధరను నేను వెతుక్కుంటూ వెళ్లి చూస్తాను. పందెం మాత్రం అడగకుండానే వాడి దగ్గరికి వచ్చింది. మీ బాబు నాన్న కోసం ఫోన్ పట్టుకున్నాడు, రీలు వచ్చి వాడిని పట్టుకుంది. ఆపాల్సింది దాన్ని.

జవాబు: టీచరు, కర్నూలు

నోట్సు కోసం నెట్ తప్పదన్న మాట నేను ఒప్పుకోను. జిరాక్స్ షాపులో ప్రింటు తీయించండి. పాఠ్యపుస్తకంలోని క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే ప్రభుత్వ దీక్ష యాప్‌లో పాఠం తెరుచుకుంటుంది. వీడియోలను సాయంత్రమే దించుకుని, నెట్ ఆపి బాబుకు ఇవ్వండి.

ఇక రాత్రి ఫోన్ సంగతి. కువైట్‌లో శుక్రవారం సెలవు కదా, మీవారికి వీలవుతుందేమో అడగండి. ఆ రోజు బడి అయ్యాక పిల్లలతో తనివితీరా వీడియోలో మాట్లాడతారు. మిగతా రోజుల్లో పిల్లలు సాయంత్రం వాయిస్ మెసేజ్ పెడితే ఆయన తీరిక దొరికినప్పుడు వింటారు, ఆయన పెట్టింది వీళ్లు పొద్దున్నే వింటారు. తండ్రులు గల్ఫ్‌లో ఉన్న పిల్లలు మా బడిలోనూ ఉన్నారు. మొదటి పీరియడ్‌లో వాళ్లు తూగుతుంటే సోమరులని తిడతారు. నాన్న గొంతు వినడానికి మేలుకున్న పిల్లలు వాళ్లు. నాకు ఆ తిట్టు వింటే ప్రాణం ఉసూరుమంటుంది.

జవాబు: నర్సు, ప్రొద్దుటూరు

బాబు సంగతి కంటే ముందు అత్తమ్మను చూడండి. షుగరు అదుపు తప్పితే కళ్లు, కిడ్నీలు, పాదాల నరాలు చాలాకాలం నొప్పి తెలియకుండానే దెబ్బతింటాయి. ఆమెతో వాదించకండి. రక్తపరీక్ష చేయించి ఆ అంకె ఆమెకే చూపించండి. మాత్రలు మళ్లీ ఎలా మొదలుపెట్టాలో డాక్టరే చెప్పాలి. వెళ్లడం కష్టమైతే ఈ-సంజీవని అనే ప్రభుత్వ ఆన్‌లైన్ సేవలో వైద్యులు వీడియోలోనే మాట్లాడతారు. వీడియోను నమ్మే మనిషికి అందులోనే అసలు డాక్టరును చూపించండి.

జవాబు: విశ్రాంత బ్యాంకు ఉద్యోగి, కడప

కువైట్ నుంచి డబ్బు వచ్చే ఇల్లు కాబట్టి ఈ మాట చెప్పాలి. పోలీసు దుస్తుల్లో ఎవరైనా వీడియోలో కనిపించి మీ ఆయన కేసులో ఇరుక్కున్నాడని బెదిరిస్తే ఫోన్ పెట్టేయండి. డిజిటల్ అరెస్టు అన్నది మన చట్టంలోనే లేదు. డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కు ఫోన్ చేయాలి. ఎంత త్వరగా చెబితే, ఆ సొమ్ము చేతులు మారకముందే ఆపగలిగే వీలు అంత ఎక్కువ. అత్తమ్మకు కూడా చెప్పి ఉంచండి.

గృహిణి, కడప

అందరికీ కృతజ్ఞతలు. శుక్రవారం మన సాయంత్రం ఏడింటికి వీలవుతుందని ఆయన అన్నారు. అత్తమ్మ పరీక్షకు ఒప్పుకుంది, రేపు తీసుకెళ్తున్నాను. కనెక్షన్ తీయడం లేదు. రాత్రి పదింటికి వైఫై ఆపేసి, నా ఫోన్ నా దగ్గరే పెట్టుకుంటున్నాను. బాబు మాత్రం అలిగాడు, నాన్నను కూడా నాకు దూరం చేస్తున్నావంటున్నాడు. టీచరుగారూ, ఈ వయసు పిల్లలకు మీరైతే ఎలా నచ్చజెబుతారు?