నికెల్-78 అర్ధాయువు లెక్కలో దిగిరావడం లేదు

ప్రశ్న:
క్యూఆర్‌పీఏ (కణాల పెయిరింగ్‌ను, అంటే జతకట్టడాన్ని, కలుపుకుని కేంద్రకం ఉత్తేజిత స్థితులను ఉజ్జాయింపుగా లెక్కించే పద్ధతి) కోడ్‌తో న్యూట్రాన్లు ఎక్కువగా ఉన్న కేంద్రకాల బీటా క్షయం లెక్కిస్తున్నాను. నికెల్-78 అర్ధాయువు దాదాపు 122 మిల్లీసెకన్లని జపాన్‌లోని రైకెన్ పరిశోధన సంస్థ వాళ్లు 2014లో ప్రచురించారు. నాకు దానికి చాలా రెట్లు ఎక్కువ వస్తోంది. ఐసోస్కేలర్ పెయిరింగ్ (ప్రోటాన్, న్యూట్రాన్ ఒకదానితో ఒకటి జతకట్టడం) బలం పెంచితే జింక్ ఐసోటోపులు దారికొస్తున్నాయి, ఇది మాత్రం కదలనంటోంది. కోడ్‌లో బగ్ ఉందా?

జవాబు 1:
బగ్ కాదండీ, కంగారు పడకండి. 28 ప్రోటాన్లు, 50 న్యూట్రాన్లు, రెండూ మ్యాజిక్ సంఖ్యలే, అంటే కేంద్రకంలోని పొరలు సరిగ్గా నిండే సంఖ్యలు. కక్ష్యలు పూర్తిగా నిండి ఉంటాయి, లేదా పూర్తిగా ఖాళీ. సగం నిండిన కక్ష్యలు లేనిచోట పెయిరింగ్ మీట తిప్పినా పట్టు దొరకదు. టిన్-132తోనూ ఇదే తంటా.

అసలు లోటు వేరేచోట ఉంది. ఆర్‌పీఏ (పెయిరింగ్ పనిచేయనిచోట మీ క్యూఆర్‌పీఏ ఇదే అవుతుంది) ఒక కణం, ఒక రంధ్రం (కణం వదిలిన ఖాళీ) జోడీలనే చూస్తుంది. నిజమైన కేంద్రకంలో ఆ జోడీ కేంద్రక ప్రకంపనలతో కలుస్తుంది, అప్పుడు గామోవ్-టెల్లర్ బలంలో (స్పిన్ మారగల రకం బీటా క్షయం జరిగే అవకాశంలో) కొంత కింది శక్తులకు జారుతుంది. ఆ జారుడు చిన్నదే అయినా ఫలితం పెద్దది, ఎందుకంటే క్షయ వేగం అందుబాటులో ఉన్న శక్తికి సుమారు అయిదో ఘాతంలో పెరుగుతుంది. 5 ఎంఈవీ (ఒక ఎంఈవీ అంటే పది లక్షల ఎలక్ట్రాన్ వోల్టులు) కాస్తా 6 అయితే వేగం దాదాపు రెండున్నర రెట్లు! నాకు ఈ సబ్జెక్టులో అన్నిటికన్నా ఇష్టమైన సంగతి ఇదే. కణం-ప్రకంపన కలయికను చేర్చిన లెక్కల్లో ఈ రెండు కేంద్రకాల అర్ధాయువులూ బాగా తగ్గాయి.

జవాబు 2:
ముందు ఒకటి చూడండి. ఆర్‌పీఏలో తల్లి కేంద్రకం నుంచి కొలిచిన శక్తి 0.782 ఎంఈవీ కన్నా తక్కువ ఉన్న స్థితులకే క్షయం వీలవుతుంది. ప్రయోగంలో కొలిచిన క్యూ విలువనూ (క్షయంలో విడుదలయ్యే మొత్తం శక్తి), లెక్కలో వచ్చిన ఉత్తేజిత శక్తులనూ కలిపి వాడితే క్షయానికి వీలైన శక్తుల కిటికీ తప్పుతుంది.

అడిగినవారు:
అలా కలపలేదండీ, చూశాను. పోనీ జీఏ (గామోవ్-టెల్లర్ క్షయం ఎంత బలంగా జరుగుతుందో నిర్ణయించే స్థిరాంకం) మార్చి సరిపెట్టనా?

జవాబు 1:
వద్దండీ. 1.27 బదులు 1 పెడితే అర్ధాయువు ఇంకో 1.6 రెట్లు పెరుగుతుంది, మీకు కావలసింది తగ్గడం. పైగా జీఏని అలా తగ్గించి వాడటానికి కారణాలు వేరే ఉన్నాయి: ద్వికణ ప్రవాహాలు (క్షయంలో రెండు కణాలు కలిసి పాల్గొనడం), లెక్కలోకి రాని సహసంబంధాలు. ఒక్క కేంద్రకం కోసం దాన్ని తిప్పితే పక్కవన్నీ చెడతాయి. కలయిక కోడ్ దొరక్కపోతే షెల్ మోడల్‌తో (కణాలను పొరల్లో అమర్చి వాటి మధ్య ప్రభావాలను వివరంగా లెక్కించే నమూనా) పోల్చి చూడండి, దిగువ శక్తుల్లో బలం ఎక్కడ పడుతోందో తెలుస్తుంది.