బీఎస్సీ ఫిజిక్స్ తర్వాత ఎంఏ పొలిటికల్ సైన్స్‌కి వెళ్లొచ్చా?

పర్లాకిమిడి నుంచి ప్రశ్న:
ఫిజిక్స్ ఆఖరి ఏడాది. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో పొలిటికల్ సైన్స్ చేయాలనుంది. డిగ్రీలో ఆ సబ్జెక్టే లేదు. ఎక్కడ మొదలుపెట్టాలన్నా?

బరంపురం:
సీయూఈటీ పీజీ రాయాలి తమ్ముడూ, సెంట్రల్ యూనివర్సిటీల పీజీ ఎంట్రెన్స్ అది. 75 ప్రశ్నలు, 300 మార్కులు. ఒప్పుకి 4, తప్పుకి 1 కోత. సైన్సు వాళ్లు రాజ్యాంగ అధికరణలు బట్టీ పట్టేసి, రాజనీతి సిద్ధాంతం దగ్గర దొరికిపోతారు. ముందు, జనం ఒప్పందంతోనే రాజ్యం పుట్టిందన్న హాబ్స్, లాక్, రూసోలను పక్కపక్కన పెట్టి చదువు: రాజ్యం లేని స్థితి ఎలా ఉంటుందన్నారు, ఒప్పందం ఎవరి మధ్య, తిరగబడే హక్కు ఉందా. అంతర్జాతీయ సంబంధాలు ఆ తర్వాతే. ఓబీసీ అయితే ఒడిశా ప్రభుత్వ బీసీ సర్టిఫికెట్ (ఎస్ఈబీసీ) సెంట్రల్ యూనివర్సిటీలో చెల్లదు. కేంద్ర నమూనాలో నాన్ క్రీమీలేయర్ సర్టిఫికెట్‌కి తహసీల్దారు ఆఫీసులో ఇప్పుడే అర్జీ పెట్టు.

రాయగడ:
సీటు రాకపోతే దూరవిద్యకి ఇగ్నో ఉంది. ఏ డిగ్రీ అయినా చాలు, ఎంట్రెన్స్ లేదు, కనీసం 2 ఏళ్లు. ఆ ఎంఏతో నెట్ (లెక్చరర్ అర్హత పరీక్ష) కూడా రాయొచ్చు.

కోరాపుట్:
విదేశీ యూనివర్సిటీలకు కూడా అప్లికేషన్ పెడితే, ఈ కోర్సు ఎందుకో చెప్పే స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్‌లో "చిన్నప్పటి నుంచి రాజకీయాలంటే ఇష్టం" అని రాయకు. గట్టి ప్రశ్న ఒకటి పెట్టు. మన ఆంధ్ర-ఒడిశా సరిహద్దులోని కొటియానే చూడు: ఒడిశా తనవంటున్న ఊళ్లలో 2021లో ఆంధ్ర పంచాయతీ ఎన్నికలు పెట్టింది. అక్కడి ఓటరు ఏ ప్రభుత్వాన్ని తనదనుకుంటాడు, ఎందుకు? ఫిజిక్స్‌లో నేర్చిన గణితం సర్వే డేటాకి ఎలా పనికొస్తుందో ఒక్క వాక్యంలో చెప్పు.