మొగ దగ్గర తెల్ల నురగకీ, కొబ్బరాకులు మాడటానికీ సంబంధం ఉంటుందా?

లంక కొబ్బరి

అందరికీ నమస్కారమండి. మాది సఖినేటిపల్లి మండలం, అంతర్వేది వైపు. తోట సముద్రానికి బాగా దగ్గర, మధ్యలో సరుగుడు తోపు అడ్డంగా ఉండేది, దాన్ని కొట్టేశారు. అప్పట్నుంచి గాలి తిన్నగా తోట మీదికే వస్తోంది. మురుగు డ్రెయిన్ సముద్రంలో కలిసే మొగ దగ్గర పాటు తీసే టైములో తెల్లటి నురగ తేలుతోంది, గాలి గట్టిగా ఉన్నరోజు అది ముద్దలు ముద్దలుగా లేచి ఒడ్డుకి కొట్టుకొస్తుంది, పిల్లలేమో దాంట్లోనే ఆడుతుంటారు. తోటలో సముద్రం వైపున్న చెట్లకి ఆకులు కొసల నుంచి ఎండి గోధుమరంగుకి తిరుగుతున్నాయి, ఊరి వైపు చెట్లు మాత్రం పచ్చగా బానే ఉన్నాయి. ఉప్పుగాలి తాతలనాటి నుంచీ ఉన్నదే, కొబ్బరి దానికి అలవాటు పడ్డ చెట్టే అంటారు మా నాన్నగారు. మరి ఇప్పుడే ఎందుకు మాడుతున్నాయి? నీళ్లలో ఉన్న సబ్బు గాల్లోకి ఎక్కుతుందా అసలు? తెలిసినవాళ్లు కాస్త చెప్పండి.

కెమిస్ట్రీ పంతులు, అమలాపురం

ఎక్కుతుందండి, అందులో డౌట్ అక్కర్లేదు. కెరటం విరిగినప్పుడు నీళ్లలోకి గాలి దూరి బుడగలు అవుతుంది, అవి పైకొచ్చి పగులుతాయి, ఒక్కో బుడగ పగిలినప్పుడల్లా కంటికి కనపడనంత సన్నటి తుంపర గాల్లోకి లేస్తుంది. మనం ఉప్పుగాలి అనేది దాన్నే. డిటర్జెంట్లో ఉండే సర్ఫాక్టెంట్ అణువుకి ఒక కొస నీటిని పట్టుకుంటుంది, రెండో కొస నీటికి దూరంగా పోవాలని చూస్తుంది, అందుకని అది నీటి లోపల ఉండకుండా బుడగ చర్మం మీదికి చేరుతుంది. బుడగ పగిలితే ముందు ఎగిరేది ఆ చర్మమే కదా, కాబట్టి సముద్రపు నీళ్లలో ఉన్నదానికన్నా తుంపరలో సబ్బు పాలు ఎక్కువ ఉంటుంది. మురుగులోని బాక్టీరియా కూడా అదే దారిన గాల్లోకి వస్తాయి. అమెరికాలో మెక్సికో బోర్డర్ పక్కనే ఇంపీరియల్ బీచ్ అని ఉంది, టిహువానా నది మురుగంతా దాని దగ్గరే కలుస్తుంది. అక్కడి గాల్లో దొరికిన బాక్టీరియాలో నాలుగింట మూడొంతుల దాకా ఆ మురుగు నుంచి వచ్చినవే అని 2023లో ఒక పరిశోధన వచ్చింది. మీ పిల్లల్ని నురగలో ఆడనివ్వకండి, చెట్ల సంగతి తరవాత, ముందు ఆ పని చెయ్యండి.

ఇక చెట్ల సంగతి. ఇటలీలో పీసా దగ్గర సాన్ రోస్సోరె అని సముద్రం ఒడ్డున పైన్ అడవి ఉంది, ఆర్నో నది దాని పక్కనుంచే సముద్రంలో పడుతుంది. 1960ల నుంచి అక్కడ సముద్రం వైపు చెట్లే ముందు ఎండటం మొదలెట్టాయి, అచ్చం మీరు చెప్పినట్టే. సిడ్నీ బీచిల్లో నార్‌ఫోక్ పైన్ చెట్లు కూడా అలాగే పోయాయి. ఆ రెండు చోట్లా తేలింది ఏంటంటే, ఆకు మీద ఉండే మైనం పొర, ఆకు రంధ్రాల సైజు కలిసి ఉప్పునీటి చుక్కని లోపలికి రానివ్వవు, చుక్క ఆకు మీద గుండ్రంగా నిలబడి జారిపోతుంది. సర్ఫాక్టెంట్ కలిసిన చుక్క మాత్రం పల్చగా పరుచుకుని ఆకు రంధ్రాల్లోంచి లోపలికి దిగుతుంది, ఉప్పుని కూడా పట్టుకెళ్తుంది. ఆకుని చంపేది ఉప్పే, సబ్బు దానికి తలుపు తీస్తుంది అంతే. సిడ్నీలో 1990, 91ల్లో మురుగు పైపుల్ని ఒడ్డు నుంచి తీసుకెళ్లి లోతు సముద్రంలో వదిలారు.

వనామీ రైతు, భీమవరం దగ్గర

పంతులుగారూ బాగా చెప్పారండి, కానీ ఒక్క బట్టల సబ్బే కాదు, మా రొయ్యల చెరువుల సంగతి కూడా చెప్పుకోవాలి, దాచుకుంటే ఉపయోగం లేదు. పిల్ల వేసే ముందు చెరువులో పాత చేపల్ని చంపటానికి టీ సీడ్ కేక్ (టీ గింజల నూనె తీశాక మిగిలే పిండి) వేస్తాం, అందులో ఉండేది సాపొనిన్, కుంకుడుకాయలో ఉండేదీ అదే రకం పదార్థం, చేప మొప్పల మీద పనిచేసి చంపుతుంది, రొయ్యకి పెద్దగా ఏమీ అవదు. శానిటైజర్ కింద వాడే బీకేసీ (బెంజాల్కోనియం క్లోరైడ్) కూడా సర్ఫాక్టెంటే. పట్టుబడి అయ్యాక నీళ్లు ఎక్కడికి వదులుతాం, డ్రెయిన్‌లోకే కదా. భీమవరం, పాలకొల్లు, నరసాపురం ఇళ్ల మురుగు కూడా మా వైపు డ్రెయిన్లలోనే పడుతుంది, ఎవరి వాటా ఎంతో విడదీయటం కష్టమే. మందు వేసిన నీళ్లు కొన్నాళ్లు చెరువులోనే ఎండకి నిలబెట్టి వదిలితే చాలావరకు విరిగిపోతుంది, మేం కొంతమందిమి అలా చేస్తున్నాం, అందరూ చెయ్యట్లేదు, చెయ్యాలి.

ఉప్పాడ గాలి

మాది వేటకెళ్లే కుటుంబం అండి. నురగ కనపడ్డ ప్రతిసారీ సబ్బు అనుకోవద్దు. వరద తగ్గాక, తుపాను తిరిగి వెళ్లాక సముద్రం దానంతటదే నురగ కక్కుతుంది, నాచు, చచ్చిన సూక్ష్మజీవులు, గోదారి తెచ్చిన ఆకు కుళ్లు అన్నీ కలిసి. అది కాస్త గోధుమరంగులో ఉంటుంది, నీచు వాసనో మట్టి వాసనో వస్తుంది, చాలా దూరం ఒడ్డు పొడుగునా పరుచుకుంటుంది. మీరు చెప్పింది డ్రెయిన్ మొగ దగ్గరే మొదలై, తెల్లగా ఉండి, సెంటు వాసన కొడితే మాత్రం అనుమానించాల్సిందే. ఇంకోటండి, శంకరగుప్తం డ్రెయిన్ వైపు పోటు నీళ్లు ఎగదన్ని తోటలు మోడులైపోయాయి, అక్కడ ఉప్పు దెబ్బ వేరు దగ్గర తగిలింది. మీదీ అలాంటిదేమో ముందు చూసుకోండి. వేరు నుంచి వచ్చేదైతే డ్రెయిన్ గట్టు వెంబడి చెట్లు పోతాయి, గాలి వల్లైతే సముద్రం వైపు మొహం ఉన్న ఆకులే పోతాయి.

లంక కొబ్బరి

అందరికీ థాంక్సండి. డ్రెయిన్ గట్టు మీద చెట్లు బానే ఉన్నాయి, సముద్రం వైపు ఆకులే మాడాయి. కొబ్బరాకు రసం పీల్చే తెల్లదోమ కూడా లేదు, అది ఉంటే ఆకు మీద పట్టే నల్ల మసి ఏమీ కనపడలేదు. టెస్టు చేయించాలంటే ఏం అడగాలి, ఎక్కడ?

కెమిస్ట్రీ పంతులు, అమలాపురం

అంబాజీపేటలో కొబ్బరి పరిశోధన కేంద్రం ఉంది కదా, ముందు అక్కడికి వెళ్లండి. సముద్రం వైపు ఆకు, ఊరి వైపు ఆకు ఒకే వయసువి విడివిడిగా పట్టుకెళ్లి సోడియం, క్లోరైడ్ చూడమనండి. తేడా బాగా కనపడితే ఉప్పు ఆకులోకి దిగుతోందని తెలుస్తుంది, దిగటానికి సబ్బే కారణమా లేక తోపు కొట్టేయటం వల్ల గాలి ఎక్కువయ్యిందా అన్నది దాంతో తేలదు, రెండూ కలిసి కూడా ఉండొచ్చు. అందుకే డ్రెయిన్ నీటికి యానయానిక్ డిటర్జెంట్ (బట్టల సబ్బు పొడుల్లో ఎక్కువగా ఉండే రకం) టెస్టు చేయించాలి, మిథిలీన్ బ్లూ పద్ధతి అంటారు, నీళ్లు టెస్ట్ చేసే ల్యాబులకి తెలుస్తుంది. తాగే నీటికి మన బీఐఎస్ (భారతీయ ప్రమాణాల సంస్థ) ప్రమాణం లీటరుకి 0.2 మిల్లీగ్రాములు, వేరే నీళ్లు దొరకనప్పుడు 1 మిల్లీగ్రాము దాకా ఒప్పుకుంటుంది. డ్రెయిన్‌కి ఈ లెక్క వర్తించదు కానీ వచ్చిన నంబర్ ఎంత పెద్దదో ఊహకి అందటానికి పనికొస్తుంది.

శాంపిల్ రెండు సార్లు తియ్యండి. కాలువలు పారేటప్పుడు ఒకసారి, ఎండాకాలంలో కాలువలు కట్టేశాక ఒకసారి. కాలువ నీళ్లు ఆగాక డ్రెయిన్‌లో మిగిలేది ఎక్కువగా ఊళ్ల మురుగు, చెరువుల నీళ్లే కాబట్టి అసలు బలం అప్పుడు తెలుస్తుంది. పాటు పూర్తిగా తీశాక, సముద్రపు నీళ్లు కలవని చోట పట్టండి. సర్పంచ్‌గారిని కూడా వెంటబెట్టుకుని వెళ్తే రేపు కాగితం పెట్టేటప్పుడు మాట చెల్లుతుంది. తోపు మళ్లీ వేయించమని కూడా అదే కాగితంలో రాయండి, సరుగుడు తుంపరని కొంతవరకు ఆపుతుంది.

బాటిల్‌ని మాత్రం సబ్బుతో కడక్కండి, డ్రెయిన్ నీళ్లతోనే రెండు మూడు సార్లు తొలిచి నింపండి, లేకపోతే మీ సింకులో సబ్బే రిపోర్టులో వస్తుంది. ఐస్‌లో పెట్టి అదే రోజు ల్యాబుకి చేర్చండి, ఆలస్యమైతే బాక్టీరియా సబ్బుని తినేసి నంబర్ తగ్గిపోతుంది.